తప్పు ఒప్పుకోరు, డబ్బులిస్తారు: మా మేనకోడలి భుజం, నా మిరప విత్తనం



ఈసారి ధరల గురించీ పురుగుమందుల గురించీ కాదు, అమెరికాలో ఉన్న మా మేనకోడలి భుజం గురించి రాస్తున్నాను. "మాకెందుకయ్యా ఆ పిల్ల భుజం" అనుకోకండి. చివరిదాకా చదివితే ఇది మన పొలం కథేనని మీకే తెలుస్తుంది. రాజీ పడటమా, పోరాడటమా అన్న ప్రశ్న మనలో చాలామందికి ఏదో ఒకనాడు ఎదురయ్యేదే. నాకు పదేళ్ల కింద ఎదురైంది. అప్పుడు నేను తప్పు దారి పట్టాను. ఆ పిల్ల పట్టకూడదని చెప్పాను. అందుకే రాస్తున్నా. అంకెలు రాయడానికి ఆ పిల్ల ఒప్పుకుంది, పేరు మాత్రం వద్దంది.

2020 అక్టోబరు. కరోనా కాలం. మా చెల్లెలి కూతురు టెక్సాస్‌లో ఉంటుంది. అక్కడ ఏటా చలికాలం ముందు ఫ్లూ టీకా వేయించుకుంటారు. దానికి ఆసుపత్రికే వెళ్లక్కర్లేదు, పెద్ద మందుల షాపుల్లో కూడా వేస్తారు. ఈ పిల్ల అలాగే వెళ్లింది. కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి కొంచెం పైకి లాగింది. సూది వేసే కుర్రాడు నిలబడి వేశాడు. భుజం కండ మధ్యలో పడాల్సింది బాగా పైన, ఎముక దగ్గర పడింది. ఆ రాత్రి నుంచే నొప్పి. మర్నాడు పొద్దున్న వాళ్లమ్మకి వాట్సాప్‌లో "అమ్మా, చెయ్యి పైకి లేవట్లేదు, సూది చాలా పైన వేశాడు" అని పెట్టింది. మా చెల్లెలు "కాపడం పెట్టు, రెండు రోజుల్లో తగ్గుద్ది" అంది. మనమైనా అదే అంటాం. టీకా వేస్తే చెయ్యి నొప్పి మామూలే కదా.

రెండు రోజులు కాదు, రెండు నెలలైనా తగ్గలేదు. కుడి చెయ్యి. నాలుగేళ్ల కూతురికి జడ వేయలేకపోయింది. బీరువా పై అరలో డబ్బా అందుకోలేదు. రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేదు. స్కానింగ్ తీస్తే భుజం కీలు మీద ఉండే చిన్న సంచి లాంటి దాంట్లో వాపు, కండని ఎముకకి పట్టి ఉంచే తాడు లాంటి దాంట్లో కొంచెం చిరుగు. సూది పైన పడితే మందు కండలోకి పోకుండా ఆ సంచిలోకి పోతుందట. అక్కడ ఒళ్లు దాని మీద తిరగబడి వాపు తెచ్చుకుంటుంది. మన గేదెకి గాలికుంటు టీకా వేసినప్పుడు సూది సరిగ్గా దిగకపోతే మెడ మీద గడ్డ కట్టడం మనం చూడలా? మందు మంచిదే, చోటు తప్పింది. ఈ భుజం దెబ్బకి అక్కడ ఒక పేరు కూడా ఉంది, సిర్వా అంటారు.

కీలులోకి స్టీరాయిడు సూది వేయించుకుంది, నెలల తరబడి ఫిజియోథెరపీకి తిరిగింది, పని రోజులు పోయాయి. అప్పుడు ఎవరో చెప్పారట, దీనికి ప్రభుత్వం పరిహారం ఇస్తుంది, అర్జీ పెట్టుకో అని.

మా చెల్లెలు నాకు ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఇది గవర్నమెంటు మీద కేసు వేస్తానంటోంది. పరాయి దేశంలో మనకెందుకు కోర్టులు? నువ్వు చెప్పు" అని. నేనూ వెంటనే ఆ పిల్లకి "వద్దమ్మా" అన్నాను. టీకా మంచి చేసేది, దాని మీద కేసేమిటి, సూది వేసిన కుర్రాడి ఉద్యోగం పోతుందేమో అన్నాను. అప్పుడా పిల్ల ఓపిగ్గా ఒక గంట నాకు పాఠం చెప్పింది. తర్వాత నేనూ ఫోన్‌లో చదివి తెలుసుకున్నాను. నా ఆలోచన అక్కడ మారింది.

అమెరికాలో 1986లో ఒక చట్టం చేశారు. అంతకుముందు పిల్లల టీకాల మీద కంపెనీలపై కేసులు ఎక్కువై, కొన్ని కంపెనీలు టీకాల తయారీ మానేసే పరిస్థితి వచ్చింది. కంపెనీలు మానేస్తే పిల్లలకి టీకాలుండవు. అలాగని దెబ్బ తిన్నవాళ్లని గాలికి వదిలేయలేరు. అందుకని మధ్యే మార్గంగా ఒక నిధి పెట్టారు. ప్రతి డోసు మీద, అది ఆపే ఒక్కో జబ్బుకి 75 సెంట్ల చొప్పున పన్ను వేస్తారు. సెంట్లంటే మన పొలం సెంట్లు కావు, డాలర్‌లో నూరో వంతు. ఫ్లూ టీకాకి 75 సెంట్లు, మూడు జబ్బుల్ని ఆపే తట్టు టీకాకి రెండుంబావు డాలర్లు. ఆ డబ్బంతా నిధిలో పడుతుంది. టీకా వల్ల దెబ్బ తిన్నవాళ్లకి అందులోంచి ఇస్తారు. 1988 నుంచి నడుస్తోంది.

ఇందులో నాకు నచ్చిన సంగతులు ఇవి.

ఒకటి, తప్పు ఎవరిదో నిరూపించక్కర్లేదు. సూది వేసినవాడు అజాగ్రత్తగా వేశాడని గానీ కంపెనీ మందు చెడ్డదని గానీ చూపించే పని లేదు. ఆ కుర్రాడి మీద కేసే లేదు. అర్జీ వెళ్లేది ఆ దేశపు ఆరోగ్య శాఖ అధిపతి మీద. నేను బాధపడ్డ ఉద్యోగం సంగతి అక్కడితో తీరిపోయింది.

రెండు, ఒక పట్టిక ఉంది. ఏ టీకాకి, ఏ దెబ్బ, ఎంతసేపట్లో కనిపించాలి అని అందులో రాసి ఉంటుంది. భుజం దెబ్బని 2017లో చేర్చారు. అంతకుముందు ఆ భుజానికి ఇలాంటి నొప్పి ఉండకూడదు. టీకా వేసిన 48 గంటల్లో నొప్పి మొదలవ్వాలి. నొప్పీ పట్టేయడమూ టీకా వేసిన ఆ భుజానికే ఉండాలి. దానికి వేరే కారణం కనపడకూడదు. ఈ నాలుగూ ఉంటే టీకా వల్లే అయిందని అనుకుంటారు, కాదని చెప్పే భారం ప్రభుత్వానిది. దానితోపాటు ఆ బాధ ఆరు నెలలు దాటి ఉండాలి, లేదంటే ఆసుపత్రిలో చేరి ఆపరేషన్ దాకా వెళ్లి ఉండాలి. బాధ మొదలైన మూడేళ్ల లోపు అర్జీ పెట్టాలి.

మూడు, లాయరు ఫీజు. గెలిచినా, ఓడినా, అర్జీ నిజాయితీగా, సరైన ఆధారంతో పెట్టిందైతే లాయరుకి ఆ కార్యక్రమమే ఇస్తుంది. మనకొచ్చిన దాంట్లో వాటా తీసుకోవడానికి లాయరుకి హక్కు లేదు. మన దగ్గర వచ్చిన పరిహారంలో ఎంత ఎవరికి పోతుందో చేదు అనుభవం ఉన్నవాళ్లు ఇది రెండోసారి చదవండి.

నాలుగు, నొప్పికీ బాధకీ రెండున్నర లక్షల డాలర్లు దాటి ఇవ్వకూడదని పరిమితి ఉంది. వైద్యం ఖర్చు, పోయిన జీతం దానికి వేరే.

ఇదంతా చదివి "అబ్బో, ఎంత బాగుందో" అనుకున్నాను. కానీ అక్కడా అంత సులువేం కాదు. ఆ పిల్ల అర్జీకి కాగితాలు సిద్ధం చేసుకుంటుండగానే, అసలు ఈ భుజం దెబ్బని పట్టికలోంచి తీసేయాలని 2021 జనవరిలో అక్కడి ఆరోగ్య శాఖ నిబంధన తెచ్చింది. ఇది టీకా దోషం కాదు, సూది వేసే తీరులో దోషం, దీనికి నిధి డబ్బులెందుకు అన్నది వాళ్ల వాదన. అదే అయితే ఈ పిల్లకి దారి చాలా కష్టమయ్యేది. తర్వాత వచ్చిన కొత్త ప్రభుత్వం ఏప్రిల్‌లో దాన్ని రద్దు చేసింది. చూశారా, ఒక్క కాగితం ముక్క అటో ఇటో అయితే మనిషి బతుకు ఎలా మారుతుందో. మనకి గెజిట్ నోటిఫికేషన్ల సంగతి కొత్తా?

2021 ఆగస్టులో అర్జీ వేసింది. అక్కడ దీనికి వేరే కోర్టు, స్పెషల్ మాస్టర్ అని జడ్జి లాంటి ఆయన వింటారు. ఏళ్లు గడిచాయి. ప్రభుత్వం లాయరు ఒక చోట పట్టుకున్నాడు. ఈ పిల్ల మొదటిసారి డాక్టరుతో మాట్లాడింది నవంబరు చివర్లో, కరోనా వల్ల ఫోన్‌లోనే. ఆ డాక్టరు తన చీటీలో "కొన్ని వారాలుగా భుజం నొప్పి" అని రాశాడు. టీకా సంగతి రాయలేదు. ఈ పిల్ల చెప్పిందో లేదో తనకే సరిగ్గా గుర్తు లేదు. "కొన్ని వారాలు అంటే టీకా తర్వాత 48 గంటల్లో అని ఎక్కడుంది?" అన్నది ప్రభుత్వం ప్రశ్న.

అప్పుడు పనికొచ్చింది ఏమిటో తెలుసా? వాళ్లమ్మకి పెట్టిన ఆ వాట్సాప్ మెసేజి. "చెయ్యి పైకి లేవట్లేదు" అన్నది తారీఖుతో సహా ఉంది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి పెట్టారు. మా చెల్లెలు కూడా తన మాటగా వాంగ్మూలం రాసి పంపింది. పల్నాడులో ఒక ఇంటి వంటగదిలో ఉన్న ఫోన్ అమెరికా కోర్టులో సాక్ష్యం అయింది. మా చెల్లెలు ఇప్పటికీ ఆ ఫోన్ పాతబడినా పారేయనివ్వదు.

2024 మొదట్లో రాజీ మాటలు నడిచాయి. ఈ పిల్ల లాయరు 85 వేల డాలర్లు అడిగాడు. ప్రభుత్వం 40 వేలు అంది. అటూ ఇటూ తిరిగి 57,500 దగ్గర ఆగింది. ఒప్పందం కాగితం పంపారు. దాంట్లో ఒక వాక్యం ఉంది. భావం ఏమిటంటే, "టీకా వల్లే ఈ దెబ్బ తగిలిందని ప్రభుత్వం ఒప్పుకోవడం లేదు. అయినా ఇద్దరూ రాజీకి వచ్చారు కాబట్టి ఈ సొమ్ము ఇస్తున్నాం."

ఆ వాక్యం చూసి ఈ పిల్లకి మండింది. ఆ రోజు రాత్రి నాకు ఫోన్ చేసింది. "మావయ్యా, మూడేళ్లకు పైగా నొప్పి పడ్డాను. నా కూతురు జడకోసం వాళ్ల నాన్న దగ్గరికి పోవడం అలవాటు చేసుకుంది. ఇంతా అయ్యాక, మేం చెయ్యలేదు, అయినా ఇదిగో డబ్బులు పట్టుకో అంటే ఏమిటర్థం? నేను అబద్ధం ఆడి డబ్బులు తీసుకుంటున్నట్టు కాదా? నేను సంతకం పెట్టను. విచారణకే వెళ్తాను" అంది.

నేను వెంటనే ఏం మాట్లాడలేదు. ఎందుకంటే సరిగ్గా ఈ మాటే నేను 2013లో అన్నాను.

పాతవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఆ ఏడు రెండెకరాల మిరప వేశాను. కంపెనీ పేరు రాయను, అది ఇప్పుడు అనవసరం. చెట్లు ఏపుగా పెరిగాయి, కాయలు మాత్రం నాలుగు రకాలు. కొన్ని పొట్టివి, కొన్ని ముడుచుకుపోయినవి. మన చుట్టుపక్కల 14 మందిమి అదే విత్తనం వేశాం. అధికారులు, శాస్త్రవేత్తలు వచ్చి చూసి, విత్తనంలో కల్తీ ఉందని రాశారు. కంపెనీవాళ్లు వచ్చి ఎకరానికి 22 వేలు ఇస్తాం అన్నారు. కాకపోతే ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. అందులో "విత్తనంలో లోపం ఉందని కంపెనీ ఒప్పుకోవడం లేదు, మానవతా దృష్టితో ఇస్తున్నాం" అని ఉంది.

మానవతా దృష్టి! నా పొలం పాడు చేసి నాకు ధర్మం చేస్తున్నారా? నాకు ఒళ్లు మండిపోయింది. 11 మంది సంతకం పెట్టి తీసుకున్నారు. ముగ్గురం పెట్టలేదు. విత్తనాల మీద రైతు వినియోగదారుల ఫోరానికి వెళ్లొచ్చని 2012లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, అదీ మన ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులోనే. అది పట్టుకుని నేను 2014లో కేసు వేశాను. 2017లో లక్షా పది వేలు ఇవ్వమని తీర్పు వచ్చింది. ఊళ్లో మిఠాయి పంచాను. నెల తిరక్కముందే కంపెనీ రాష్ట్ర కమిషన్‌కి అప్పీలు వెళ్లింది. 2021లో అక్కడ 70 వేలకి తగ్గించి ముగించారు. ముగ్గురిలో ఒకతను మధ్యలోనే వదిలేశాడు.

ఇప్పుడు లెక్క చూడండి. 2014లో నా చేతికి 44 వేలు వచ్చేవి. ఆ 44 వేలు అప్పుడు నాకున్న అప్పులో కట్టుంటే తీరిపోయేది. కట్టలేదు కాబట్టి రెండు రూపాయల వడ్డీతో నెలకి 880. ఏడేళ్లకి, అంటే 84 నెలలకి, వడ్డీయే 73,920 రూపాయలు. నాకొచ్చింది 70 వేలు. లాయరు ఖర్చు, బస్సు ఛార్జీలు, పోయిన కూలి రోజులు నేను కలపనే లేదు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని మన పెద్దలు ఊరికే అన్లేదు.

సరే, డబ్బు పోతే పోయింది. నేను కోరుకున్న మాట దక్కిందా? తీర్పులో "విత్తనం లోపభూయిష్టం" అని ఉంది. ఆ కాగితం ఇప్పటికీ ఇంట్లో ఉంది. కానీ కంపెనీ మనిషి ఎవరూ నా పొలం గట్టు మీదికొచ్చి "అయ్యా, తప్పు మాదే" అనలేదు. అనరు కూడా. నేను ఏడేళ్లు ఎదురుచూసింది ఆ మాట కోసం. ఆ మాట ఏ కోర్టూ ఇప్పించలేదని ముందే తెలుసుకుని ఉంటే బాగుండేది.

ఇది ఆ పిల్లకి చెప్పాను. చెప్పి మూడు ప్రశ్నలడిగాను. మీరూ ఎప్పుడన్నా ఇలాంటి చోట నిలబడితే ఇవే అడుక్కోండి.

మొదటిది: వాళ్లిచ్చేది నీకు నిజంగా జరిగిన నష్టానికి దగ్గరగా ఉందా? ఉందంది. అలాంటి దెబ్బలకి అక్కడ ఇచ్చిన తీర్పులన్నీ బహిరంగంగానే ఉంటాయట, తన లాయరు పోల్చి చూపించాడట. పెద్ద ఎక్కువా కాదు, తక్కువా కాదు.

రెండోది: విచారణకి వెళ్తే ఓడిపోయే దారి ఏమన్నా ఉందా? ఉంది. ఆ "కొన్ని వారాలుగా" అన్న డాక్టరు చీటీ. స్పెషల్ మాస్టర్ వాట్సాప్ మెసేజిని నమ్మొచ్చు, నమ్మకపోవచ్చు. ఇంకో ఏడాదో రెండేళ్లో పట్టొచ్చు.

మూడోది: రాజీ కాదని నువ్వు కోరుకునేది ఏదైతే ఉందో, గెలిచినా అది నీకు దక్కుతుందా? ఈ ప్రశ్నకి ఆ పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "దక్కదు మావయ్యా. ఎవరూ నాకు సారీ చెప్పరు. ఇంకో కాగితం వస్తుంది, అంతే."

"అయితే సంతకం పెట్టు" అన్నాను. అక్కడ తొంభై మంది ఇలాగే రాజీతోనే ముగించుకుంటున్నారని కాదు గానీ, ఆ కార్యక్రమంలో పరిహారం అందినవాళ్లలో సగం మందికి పైగా ఇలా రాజీ మీద తీసుకున్నవాళ్లేనని అక్కడి ప్రభుత్వమే చెబుతుంది. వాళ్లంతా అబద్ధాలాడినవాళ్లు కాదు. రాజీ అంటే ఓడిపోవడం కాదు. రేపటి రోజు నీ చేతిలోకి తెచ్చుకోవడం.

పెట్టింది. జూన్‌లో డబ్బులొచ్చాయి. చెయ్యి ముప్పావు వంతు నయమైంది. పూర్తిగా పైకి ఎత్తితే ఇప్పటికీ పట్టేస్తుందట. కూతురికి ఎనిమిదేళ్లొచ్చాయి, జడ తనే వేసుకుంటోంది.

ఇప్పుడు నేను చెప్పదల్చుకున్న అసలు మాటలు రెండున్నాయి.

మొదటిది, ఇది చదివి ఎవరన్నా "చూశారా, టీకాలు ఇలాంటివే, వేయించుకోవద్దు" అని నా పేరు చెప్పి షేర్ చేస్తే నేను ఒప్పుకోను. నా ఈడు వాళ్లందరికీ తెలుసు, మా చిన్నప్పుడు ప్రతి ఊళ్లో పోలియో వచ్చి కాళ్లు సన్నబడినవాళ్లు ఇద్దరు ముగ్గురుండేవాళ్లు. నాతో ఐదో తరగతి చదివినవాడు చేతుల మీద పాకుతూ బడికొచ్చేవాడు. మన దేశంలో మామూలు పోలియో ఆఖరి కేసు 2011 జనవరిలో వచ్చింది. 2014 మార్చిలో మన ప్రాంతాన్ని పోలియో లేని ప్రాంతంగా ప్రకటించారు. ఇప్పుడు బడికి పాకుతూ వచ్చే పిల్లలు లేరు. అది చుక్కల మందు పుణ్యమే. మా మేనకోడలు కూడా ఆ తర్వాత ఏటా ఫ్లూ టీకా వేయించుకుంటూనే ఉంది, ఎడమ చేతికి, సూది ఎక్కడ వేస్తున్నాడో చూసుకుని మరీ.

రెండోది, టీకా అందరి మేలు కోసం. ఊరంతా వేయించుకుంటేనే ఊరికి రక్ష. అలాంటప్పుడు లక్షల్లో ఒకరికి దెబ్బ తగిలితే ఆ భారం వాడొక్కడే మొయ్యాలా, ఊరంతా కలిసి మొయ్యాలా? నా మటుకు నాకు ఊరంతా మొయ్యాలి. ఆ నిధి అదే పని చేస్తోంది. అక్కడ కూడా లోపాలున్నాయి. కరోనా టీకాలని ఈ నిధిలో చేర్చకుండా వేరే పథకంలో పెట్టారు. దాంట్లో ఏడాదిలోపే అర్జీ పెట్టాలి, లాయరు ఫీజు ఇవ్వరు, నొప్పికి పైసా ఇవ్వరు. మా పిల్లకి తగిలింది ఫ్లూ టీకాతో కాబట్టి సరిపోయింది. అదే భుజం, అదే నొప్పి, అదే సూది కరోనా టీకాదైతే కథ వేరేగా ఉండేది. ఇది న్యాయం కాదు.

మరి మన దగ్గర? కరోనా టీకా తర్వాత ఇద్దరు ఆడపిల్లలు చనిపోయారని వాళ్ల తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకి వెళ్తే, 2022 నవంబరులో కేంద్రం తన జవాబులో, ప్రభుత్వానికి దీంట్లో బాధ్యత లేదు, నష్టపరిహారం కావాలంటే సివిల్ కోర్టుకి వెళ్లొచ్చు అని చెప్పింది. సివిల్ కోర్టుకి! విత్తనం కేసుకే నాకు ఏడేళ్లు పట్టింది. టీకా కేసులో తప్పు ఎవరిదో, ఎలా జరిగిందో బీదవాడు ఎక్కడ నిరూపిస్తాడు? వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామంటే, అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రి దాని కిందికి రాదని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మనకి టీకాలు వేసేదేమో అక్కడే.

"తప్పు ఎవరిదైనా పరిహారం ఇవ్వడం మన దేశంలో కుదరదు" అని ఎవరన్నా అంటే నమ్మకండి. గుద్ది ఆపకుండా పోయిన బండి ఏదో తెలియకపోయినా, చనిపోయినవాడి కుటుంబానికి రెండు లక్షలు, బాగా దెబ్బ తగిలినవాడికి 50 వేలు ఇచ్చే పథకం 2022 నుంచి ఉంది. పక్క తెలంగాణలో రైతు ఏ కారణంతో చనిపోయినా ఐదు లక్షలు ఇచ్చే రైతుబీమా 2018లో పెట్టారు. కొత్త మందు పరీక్షల్లో పాల్గొన్నవాడికి దాని వల్ల దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలని 2019 నిబంధనల్లో ఉంది. పరీక్షలో ఉన్నవాడికి ఉన్న రక్ష, అదే మందు ఆ తర్వాత వేయించుకున్న మామూలు మనిషికి ఎందుకుండకూడదు? డోసుకి ఒక్క రూపాయి పక్కన పెట్టినా మనలాంటి దేశంలో నిధి తయారవుతుంది. అప్పుడు టీకా అంటే భయపడేవాళ్లు కూడా తగ్గుతారు. ఏదన్నా అయితే చూసుకునేవాడున్నాడు అన్న ధైర్యం ఉంటే మనిషి చెయ్యి చాపుతాడు.

అది వచ్చేదాకా మన చేతిలో ఉన్నవి చెప్తాను, గుర్తుంచుకోండి.

టీకాకి వెళ్లేటప్పుడు వదులు చొక్కా వేసుకోండి, చెయ్యి మొత్తం బయటికి తీయండి. మీరు కూర్చుంటే వేసేవాళ్లు కూడా కూర్చుని వేయడం మంచిది. భుజం ఎముక కొన నుంచి రెండు మూడు వేళ్లు కిందకి, కండ మధ్యలో పడాలి. మరీ పైన వేస్తుంటే "అమ్మా, కొంచెం కిందకి వెయ్యి" అని అడగండి. తప్పేం లేదు.

రెండు మూడు రోజులు నొప్పి మామూలే. వారం దాటినా చెయ్యి లేవకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి. టీకా ఏ రోజు వేయించుకున్నారో, నొప్పి ఎప్పుడు మొదలైందో మీరే చెప్పి, చీటీలో రాయించుకోండి. మా పిల్ల కేసంతా ఆ ఒక్క ముక్క దగ్గరే తగులుకుంది. ఆశా కార్యకర్తకో ఏఎన్ఎంకో కూడా చెప్పండి. టీకా తర్వాత వచ్చిన ఇబ్బందులు పీహెచ్‌సీ డాక్టరు ద్వారా పైకి నమోదు చేసే పద్ధతి మన దగ్గర ఉంది.

పంట బీమాకి వడగళ్ల నష్టం 72 గంటల్లో చెప్పాలని మనకి తెలుసు. అయినా ఎంతమంది ఆ గడువు దాటించుకుని ఏడుస్తున్నాం? ఏ నష్టమైనా అంతే. తారీఖు, ఫొటో, చీటీ, మెసేజి. మనిషి మాట మారుతుంది, కాగితం మారదు.

రాజీ కాగితం మీద సంతకం పెట్టేముందు చదవండి, చదివించుకోండి. లోక్ అదాలత్‌లో రాజీ పడితే అదే ఆఖరు, దాని మీద అప్పీలు లేదు. అందుకని తొందరపడొద్దు. కానీ పంతానికీ పోవద్దు. నేను పోయాను. నా ఇంట్లో ఒక తీర్పు కాగితం, ఒక వడ్డీ లెక్క ఉన్నాయి. కాగితం పెట్టెలో ఉంది. వడ్డీ మాత్రం మా ఆవిడ మెడలో గొలుసుతో తీరింది.

మీలో ఎవరికైనా రాజీకి ఒప్పుకుని బాగుపడిన అనుభవమో, ఒప్పుకుని మోసపోయిన అనుభవమో ఉంటే కింద రాయండి. రెండో రకం కూడా దాచకుండా రాయండి, అదే మనకి ఎక్కువ పనికొస్తుంది.

ఉంటాను. మిరప నారు మడికి నీళ్లు కట్టే వేళయింది.